ఎప్పటి నుంచి?

ఒకే రోజు పొద్దున న్యూరాలజీ ఓపీకి ముగ్గురు పెద్దవాళ్లు వచ్చారనుకుందాం. ముగ్గురి చీటీ మీదా ఉన్నది ఒకటే మాట, మతిమరుపు.

మొదటి ఆయనకు 76 ఏళ్లు. ఆదివారం దాకా పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివి, మధ్యాహ్నం రాజకీయాల మీద వాదన పెట్టుకున్నవాడే. మంగళవారం రాత్రి నుంచి కొడుకును చూసి ‘నువ్వెవరివి’ అంటున్నాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతున్నాడు. తెల్లారి మామూలుగానే కాఫీ అడిగాడు, పది గంటలకల్లా మళ్లీ మొదలైంది. రెండో ఆవిడకు 68. రెండు నెలలుగా పొద్దస్తమానం మగతగా ఉంటోంది, అడుగు తడబడుతోంది, ఏమడిగినా ఆలస్యంగా బదులిస్తోంది. మూడో ఆయన రిటైరైన టీచరు. వేసుకున్న బీపీ మాత్రే మళ్లీ వేసుకుంటున్నాడు. చెప్పిన సంగతే గంటలో నాలుగుసార్లు చెబుతున్నాడు. ఎప్పుడు మొదలైందంటే భార్య ఏడాది అంటుంది. ‘కాదమ్మా, తమ్ముడి పెళ్లప్పుడే చూశాను’ అంటుంది కూతురు. ఆ పెళ్లయి మూడేళ్లు.

స్కానుకూ రక్తపరీక్షకూ ముందు డాక్టరు తేల్చుకోవలసింది వాళ్లు ఏం మరిచిపోతున్నారన్నది కాదు, ఎప్పటి నుంచి మరిచిపోతున్నారన్నది. రోజుల్లో వచ్చిందా, నెలల్లో వచ్చిందా, ఏళ్ల తరబడి వచ్చిందా అన్నది తెలిస్తే సగం దారి దొరికినట్టే. మొదటి ఆయన్ను ఆ గంటలోనే ఆస్పత్రిలో చేర్చుకోవాలి. రెండో ఆవిడకు సాయంత్రంలోగా తలకు స్కాన్ తీయాలి. మూడో ఆయనకు తొందర లేదు, తీరికగా, వివరంగా చూడాలి. ఈ తేడాను చెప్పగల యంత్రం ఏదీ లేదు. చెప్పగలిగింది ఇంట్లోవాళ్లే. మెదడు జబ్బుల్ని పసిగట్టడంలో సగం పని ఆస్పత్రి గుమ్మం బయటే జరుగుతుందనడానికి కారణం ఇదే.

వయసు మీద నెట్టేయడం

‘ఆ వయసులో అంతేలెండి’ అన్న మాట మన ఇళ్లలో రోగనిర్ధారణలా చెలామణీ అవుతుంది. లెక్కలు చూస్తే ఆ మాట నిలవదు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం 2023లో అంచనా వేసింది. మనుషుల లెక్కలో సుమారు 88 లక్షలు. చిన్న సంఖ్య కాదు. కానీ అదే లెక్కను తిప్పి చూస్తే, 60 దాటిన ప్రతి వంద మందిలో 90 మందికి పైగా ఆ జబ్బు లేకుండానే ఉన్నారు. వయసు జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, వయసే జబ్బు కాదు.

వయసుతో వచ్చే మందగింపు వేరే ఉంటుంది. పెళ్లిలో ఎదురైన మనిషి పేరు నాలుక చివర ఆడుతుంది, భోజనాల వేళకు గుర్తొస్తుంది. కొత్త ఫోను పట్టుబడటానికి వారం పడుతుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటాం. ఇవేవీ మన పని మనం చేసుకోకుండా ఆపవు. డిమెన్షియా అనాలంటే రెండు షరతులు నెరవేరాలి. జ్ఞాపకం, మాట, దారి గుర్తించడం, పని వరస, ఎదుటివాళ్లతో మెలిగే తీరు, వీటిలో కనీసం కొన్ని మునుపటి స్థాయి నుంచి జారాలి. ఆ జారడం వల్ల రోజువారీ పనులకు మరొకరి మీద ఆధారపడవలసి రావాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే దాన్ని స్వల్ప మతిక్షీణత అంటారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రోనాల్డ్ పీటర్సన్ బృందం 1999లో దీనికి ఒక స్పష్టమైన రూపం ఇచ్చింది. ఆస్పత్రికి వచ్చే ఇలాంటి వాళ్లలో ఏటా 10 నుంచి 15 శాతం మంది డిమెన్షియాలోకి వెళతారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఆగుతారు, కొందరు మళ్లీ మామూలవుతారు.

రెండో షరతు మన ఇళ్లలో తేలిగ్గా కంటపడదు. కోడలు వంట అందుకుంటుంది, కొడుకు బ్యాంకు పని చూస్తాడు, మందుల డబ్బా మనవరాలు సర్దుతుంది. పెద్దాయన్ను కూర్చోబెట్టి చూసుకోవడం మర్యాద కూడా. అందువల్ల ఆయన ఏం చేయలేకపోతున్నాడో ఎవరికీ తెలియదు, ఆయన చేయవలసిన పనే లేదు కాబట్టి. కోడలు పుట్టింటికి వెళ్లిన వారంలో పొయ్యి మీది గిన్నె మాడుతుంది. పిల్లల దగ్గరుందామని అమెరికా వెళ్లిన ఆయన పొద్దున నడకకు వెళ్లి, ఒకే రకంగా ఉన్న ఇళ్ల వరసలో తమది ఏదో తెలియక నిలబడిపోతాడు. ‘ఇక్కడికొచ్చాకే ఇలా అయ్యారు’ అంటారు పిల్లలు. నిజానికి అక్కడ కొత్తగా వచ్చిందేమీ లేదు. నలభై ఏళ్ల అలవాటు ఇన్నాళ్లూ కప్పి ఉంచినది కొత్త చోట బయటపడింది, అంతే.

రోజుల్లో వస్తే

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లోనో రోజుల్లోనో తికమకపడితే అది డిమెన్షియా కాదు. డిమెన్షియాకు అంత వేగం లేదు. పాతతరం దీన్ని సంధి అనేది, ఆస్పత్రుల్లో డెలీరియం అంటారు. దీని గుర్తు మరపు కన్నా ముందు ధ్యాస చెదరడం. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే శని, శుక్ర దాకా వచ్చి ఫ్యాను వంక చూస్తూ ఉండిపోతారు. రెండో గుర్తు హెచ్చుతగ్గులు. పొద్దున తేటగా ఉండి సాయంత్రానికి ఎక్కువవుతుంది, రాత్రికి మంచం దిగి పరుగెత్తబోతారు. షారన్ ఇనూయే అనే అమెరికా వైద్యురాలు 1990లో రూపొందించిన పరీక్ష ఈ రెంటినీ పునాది చేసుకున్నదే. హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులవుతోందా, ధ్యాస నిలవడం లేదా అని ముందు చూస్తారు. వాటికి తోడు మాటల్లో పొంతన తప్పడం గానీ, మగతో అతి మెలకువో గానీ ఉంటే డెలీరియం కిందే లెక్క.

కారణం చాలాసార్లు మెదడులో ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మూత్రం బిగదీయడం, తుంటి ఆపరేషన్, రోజూ తాగే మనిషికి ఆస్పత్రిలో హఠాత్తుగా మద్యం ఆగిపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. ముసలితనంలో మూత్రపు ఇన్ఫెక్షన్‌కు జ్వరం రాకుండానే మతి చెదరవచ్చు. బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు రక్తంలో సోడియాన్ని పడగొట్టి ఇదే పని చేస్తాయి. రక్తం, మూత్రం పరీక్షలతో, మందుల చీటీ చూడటంతో చాలా కేసుల్లో కారణం దొరుకుతుంది. వైద్యం చేస్తే చాలామంది రోజుల్లో, కొందరు వారాల్లో తేరుకుంటారు.

కేకలు వేసేవాళ్లను ఎలాగూ ఆస్పత్రికి తీసుకొస్తారు. ప్రమాదం కిమ్మనకుండా పడుకునేవాళ్లకు. ‘రెండు రోజులుగా నిద్రపోతున్నారు, పాపం అలసిపోయారు’ అని వదిలేస్తారు. అదీ డెలీరియమే కావచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి వెళ్లి వచ్చేలోపు ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకుతుంది. అప్పటికే డిమెన్షియా ఉన్న మనిషికి డెలీరియం తోడవడమూ మామూలే. ‘జబ్బు ముదిరింది’ అనుకునే ముందు, ముదిరింది రెండు రోజుల్లోనా, రెండేళ్లలోనా అని చూసుకోవాలి.

నెలల్లో వస్తే

రెండో ఆవిడ సంగతి ఇంకాస్త లోతుగా అడిగితే కూతురు చెబుతుంది: ‘అప్పుడెప్పుడో బాత్రూంలో జారింది. ఏమీ కాలేదు, లేచి వచ్చి టిఫిన్ కూడా తింది.’ ఏమీ కాలేదనుకున్న ఆ పడటమే అసలు సంగతి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, దానికీ పుర్రెకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడం దాటే సన్నని సిరలు బిగుతుగా సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి చిట్లి, రక్తం బొట్టు బొట్టుగా వారాల తరబడి చేరుతుంది. గుండెకు ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఇంకా తేలిగ్గా. సీటీ స్కాన్‌లో పుర్రె కింద నెలవంకలా కనిపిస్తుంది. చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తే మనిషి చాలావరకు మునుపటిలా లేచి తిరుగుతుంది. కాబట్టి గత మూడు నాలుగు నెలల్లో పడిన ప్రతి పడటమూ డాక్టరుకు చెప్పాలి, తలకు దెబ్బ తగలలేదనిపించినా సరే.

నెలల్లో వచ్చే మరో జబ్బుకు మూడు గుర్తులు. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, ఆలోచన మందగించడం. సాధారణంగా నడకే ముందు చెడుతుంది. మెదడు గదుల్లోని ద్రవం సరిగా పీల్చుకోబడక ఆ గదులు ఉబ్బడం దీనికి కారణం. బొగోటాకు చెందిన సాలొమోన్ హకీమ్, బోస్టన్ న్యూరాలజిస్ట్ రేమండ్ ఆడమ్స్ కలిసి 1965లో దీన్ని వైద్యలోకానికి పరిచయం చేశారు. దీని పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ముందు రోగిని నడిపించి అడుగులు, సెకన్లు లెక్కపెడతారు. వెన్నులోంచి సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం తీస్తారు. కొన్ని గంటల తర్వాత మళ్లీ అదే వరండాలో నడిపిస్తారు. ఈసారి అడుగు పడితే, ద్రవాన్ని పొట్టలోకి మళ్లించే సన్నని గొట్టం అమర్చడం వల్ల మేలు జరిగే అవకాశం ఉన్నట్టు.

థైరాయిడ్ తగ్గితే మనిషి మొత్తంగా నెమ్మదిస్తుంది. చలి, మలబద్ధకం, బొంగురు గొంతు, వాచిన మొహం, వాటితో పాటు మందమతి. బీ12 లోపంలో పాదాలు తిమ్మిర్లెక్కుతాయి, చీకట్లో నడక తూలుతుంది, నాలుక నున్నబడుతుంది, మతి చెదురుతుంది. మాంసం, గుడ్లు తినక, పాలూ పెరుగూ తక్కువగా తీసుకునే శాకాహారులకు ఈ లోపం రావచ్చు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకూ రావచ్చు, ఆ మందు బీ12ను ఒంటికి పట్టనివ్వదు. రెండిటికీ మామూలు రక్తపరీక్షలున్నాయి. సిఫిలిస్, హెచ్ఐవీ, క్షయ లాంటివి మెదడుకు ఎక్కడం, మద్యం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఇవి కూడా డాక్టరు మనసులో ఉండవలసినవే.

మందుల సంచి విప్పించడం ఇక్కడ తప్పనిసరి. జలుబుకు షాపులో అడిగి తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికీ నిద్రకూ ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోవడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, ఒణుకుకు వాడే ట్రైహెక్సీఫెనిడిల్, వీటికి పేర్లు వేరైనా ఒక గుణం ఒకటే. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని మెదడులో పని చేయనివ్వవు. ఆల్జీమర్స్ అనే డిమెన్షియాలో తగ్గేదీ అదే రసాయనం. దాన్ని నిలబెట్టడానికే 1996 నుంచి డోనెపెజిల్ వాడుతున్నారు. ఒక డాక్టరు డోనెపెజిల్, మరో డాక్టరు ఆక్సీబ్యుటినిన్ రాస్తే, రెండు చీటీలూ ఒక్కచోట ఎవరూ చూడకపోతే, రోగి పొద్దున వేసుకున్నదాన్ని రాత్రి వేసుకున్నది కొట్టేస్తూ ఉంటుంది.

డిప్రెషన్ మరో ముసుగు. భార్య పోయిన ఆరు నెలలకు ‘నాకేమీ గుర్తుండటం లేదు డాక్టరుగారూ’ అని తానే వచ్చి చెప్పుకుంటాడు. ప్రశ్న అడగ్గానే ‘నాకు తెలియదు’ అని వదిలేస్తాడు. ఆల్జీమర్స్‌తో వచ్చిన ఆయన తీరు వేరు. తనకేమీ లేదంటాడు, ఇంట్లోవాళ్లే ఫిర్యాదు చేస్తారు. పొద్దున ఏం తిన్నారంటే భార్య వంక తిరిగి ‘ఏమేవ్, చెప్పు’ అంటాడు. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అలా పక్కకు తల తిప్పడాన్ని న్యూరాలజిస్టులు ఒక గుర్తుగానే రాసుకుంటారు. అయితే ముసలితనంలో మొదటిసారి వచ్చిన డిప్రెషన్, వెనకాలే వస్తున్న డిమెన్షియాకు తొలి అడుగూ కావచ్చు. అందుకే డిప్రెషన్‌కు వైద్యం చేసి మతి సంగతి మళ్లీ చూస్తారు.

నయమయ్యే కారణాలు ఎంత మందిలో ఉంటాయి? క్లార్‌ఫీల్డ్ అనే వైద్యుడు 2003లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నయం కాదగ్గ కారణం 9 శాతం మందిలో కనిపించింది. వైద్యం తర్వాత నిజంగా వెనక్కి తిరిగిన మతి 1 శాతం లోపే. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ధనిక దేశాలవి. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 2005లో ప్రచురించిన పరిశీలనలో 129 మంది రోగుల్లో 18 శాతం మందికి నయం కాదగ్గ కారణాలే ఉన్నాయి. వాటిలో మెదడు ఇన్ఫెక్షన్లు, బీ12 లోపం ముందున్నాయి. మన దగ్గర ఈ వెతుకులాట మొక్కుబడి కాదని ఈ సంఖ్య చెబుతుంది. పైగా ఆల్జీమర్స్ ఉన్న మనిషికి థైరాయిడ్ కూడా ఉంటే, దాన్ని సరిచేసినంత మేరకు ఆయన రోజు మెరుగవుతుంది.

ఏళ్ల తరబడి వస్తే

మూడో ఆయన ఇంట్లో ఒక వాదన తరచూ వినిపిస్తుంది. ‘1977 దివిసీమ ఉప్పెన గురించి అడగండి, నీళ్లు ఏ రాత్రి ఏ గుమ్మం దాకా వచ్చాయో చెబుతారు. మతి పోయిందంటారేమిటి?’ ఆల్జీమర్స్‌ను ఆలస్యంగా గుర్తించడానికి ఈ వాదనే పెద్ద కారణం. కొత్త సంగతుల్ని పట్టి నిలిపే హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల భాగం మొదట దెబ్బతింటుంది. పాత సంగతులు అప్పటికే మెదడులో విస్తారంగా పాతుకుని ఉంటాయి. అందుకే ఉప్పెన నిలుస్తుంది, మధ్యాహ్నం తిన్న కూర నిలవదు. పాతవి బాగా గుర్తుండి కొత్తవి ఆనకపోవడం జబ్బు లేదనడానికి సాక్ష్యం కాదు, ఉందని అనుమానించడానికి సాక్ష్యం.

అన్నీ ఈ దారిలో రావు. బీపీ, షుగరు వల్ల మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది తరచూ మెట్లు దిగినట్టు దిగుతుంది. ఒక చిన్న పక్షవాతం, ఒక మెట్టు. కొన్ని నెలలు అక్కడే ఉండి మరో మెట్టు. లూయీ బాడీ రకంలో సాయంత్రం వేళ గదిలో చిన్నపిల్లలో, పిల్లులో స్పష్టంగా కనిపిస్తాయి. ఒళ్లు బిగుసుకుపోతుంది. రోజుకూ రోజుకూ తెలివి హెచ్చుతగ్గులవుతుంది. తరచూ వీటన్నిటికీ ఏళ్ల ముందే కలలో పోట్లాడుతూ పక్కనున్న మనిషిని తన్నడం మొదలవుతుంది. దీన్ని విడిగా గుర్తించడం ప్రాణావసరం. ఈ రోగులకు భ్రమలు తగ్గాలని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ఒళ్లు కొయ్యబారి ప్రాణం మీదికి రావచ్చు.

మెదడు ముందు భాగాన్ని పట్టే ఫ్రాంటోటెంపొరల్ రకం మరీ మోసకారి. 50లలోనే రావచ్చు, మొదట్లో మరపే ఉండదు. జీవితమంతా గౌరవంగా బతికిన ఆఫీసరు పెళ్లిలో పరాయి ఆడవాళ్ల మీద చెత్త జోకులు వేస్తాడు. మిఠాయిలు కిలోల లెక్కన తింటాడు. అమ్మ చనిపోతే ఏమీ పట్టనట్టు టీవీ చూస్తాడు. ‘బుద్ధి మారింది’ అని అందరూ తిట్టిపోస్తారు. బుద్ధి మారడం కూడా మెదడు జబ్బు కావచ్చని తట్టేసరికి ఉద్యోగం పోయి, కాపురం చెడి ఉంటుంది.

వయసుకూ ఈ జబ్బులకూ ముడి బిగించకూడదనడానికి ఆల్జీమర్స్ చరిత్రే రుజువు. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో అలోయిస్ ఆల్జీమర్ చూసిన ఆగస్టే డేటర్‌కు అప్పుడు 51 ఏళ్లే. ఆమె 1906 ఏప్రిల్‌లో చనిపోయాక మెదడును వెండి లవణాల రంగు పూసి మైక్రోస్కోపు కింద చూస్తే కణాల బయట ముద్దలు, లోపల పీచు ముడులు కనిపించాయి. ఆ నవంబరులో ట్యూబింగెన్ సమావేశంలో ఆయన దీని గురించి ప్రసంగించాడు. 1910లో మానసిక వైద్యుడు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు ఆల్జీమర్ పేరు పెట్టాడు. మన వైపు ఇప్పటికీ ‘50 ఏళ్లకే మతిమరుపేమిటి, టెన్షన్ అయి ఉంటుంది’ అని పంపేస్తుంటారు.

గడియారం బొమ్మ, చదువు

మతి కొలిచే పరీక్షలు చూడటానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. మామిడి, కుర్చీ, రూపాయి అని మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే పని చేయించి, అవేమిటో చెప్పమంటారు. రాకపోతే ‘ఒకటి పండు’ అని అందిస్తారు. డిప్రెషన్‌లోనో రక్తనాళాల జబ్బులోనో ఆ ఆసరాతో మామిడి గుర్తొస్తుంది, మాట లోపల ఉంది, బయటికి తీయడమే కష్టమైంది. ఆల్జీమర్స్‌లో తరచూ ఆ ఆసరా పనికిరాదు, ‘అరటి’ అంటారు. మాట లోపలికే పోలేదు.

గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమనడం ఇంకొకటి. పెద్ద ముల్లును రెండు మీద పెట్టాలి. వరస ఆలోచన దెబ్బతిన్నవాళ్లు ఒక ముల్లు పదకొండు మీద, మరొకటి పది అంకె మీద పెట్టేస్తారు. చెవిన పడిన అంకె చేతిని లాగేస్తుంది. ఆ ఒక్క గీతలో ధ్యాస, ప్రణాళిక, తనను తాను ఆపుకునే శక్తి, మూడూ బయటపడతాయి.

కానీ ఈ బొమ్మ జీవితంలో పెన్సిలు పట్టని ఆవిడకు అన్యాయం చేస్తుంది. 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, సహచరులు తెచ్చిన 30 మార్కుల పరీక్షలో చదవమంటారు, రాయమంటారు, వంద నుంచి ఏడేసి తీసేయమంటారు. బడికి వెళ్లనివాళ్లు మతి నిక్షేపంగా ఉన్నా అందులో తప్పుతారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన మేరీ గంగూలీ బృందం 1995లో ప్రచురించిన హిందీ పరీక్షలో దీన్ని సరిదిద్దింది. చదివి చేయమనే బదులు, ‘నన్ను చూసి నేను చేసినట్టు చెయ్యండి’ అంటారు. నిరక్షరాస్యులకు నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో అడగడం అక్షరంతో మాటలు చెప్పమనడం కన్నా న్యాయం. అంతకన్నా మంచిది ఆవిడ చేసే పనుల గురించి ఇంట్లోవాళ్లను అడగడం. పోపులో ఏది ముందు వేయాలో తడుముకుంటోందా? పాలవాడి లెక్క తప్పుతోందా? ఈ రోజు ఏ తిథో, ఏ నెలో చెప్పగలిగే మనిషి ఇప్పుడు పండగ వచ్చి వెళ్లిందన్నదే మరిచిపోతోందా?

చదువు ఎక్కువైనా చిక్కే. యూనివర్సిటీలో పాఠం చెప్పిన ఆయన 30కి 28 తెచ్చుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా రాస్తున్న పుస్తకం రెండేళ్లుగా పేజీ కదలడం లేదన్న సంగతి ఆ మార్కుల్లో కనపడదు. మనిషిని పోల్చవలసింది పక్కవాడితో కాదు, నాలుగేళ్ల కిందటి తనతోనే.

ఈ చిక్కుల మీద గట్టి పని జరిగిన చోట్లలో హైదరాబాద్ ఒకటి. నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం పరీక్షల్ని తెలుగుకు, తెలుగువాళ్ల జీవితానికి తగ్గట్టు మలిచింది. తర్వాత ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఒకే ప్రమాణంతో పరీక్షల పెట్టె తయారైంది. అదే క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో 2013లో వచ్చిన అధ్యయనం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లలో రెండో అంతకన్నా ఎక్కువో మాట్లాడేవాళ్లకు, ఒకే భాష మాట్లాడేవాళ్ల కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా లక్షణాలు మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అంటే అది చదువు ఇచ్చిన లాభం మాత్రమే కాదు. రెండు భాషలు జబ్బును ఆపాయని దీని అర్థం కాదు, జబ్బు ఉన్నా మెదడు ఎక్కువ కాలం నెట్టుకొచ్చిందని. నెట్టుకొచ్చే శక్తి ఎక్కువున్న మనిషిలో జబ్బు బయటపడేసరికి లోపల చాలా దూరం వెళ్లి ఉంటుందన్నది దీని రెండో పార్శ్వం.

స్కాన్ చెప్పేది, చెప్పనిది

సీటీగానీ ఎంఆర్ఐగానీ తీయించడం ముఖ్యంగా వేరే కారణాలను పట్టుకోవడానికి. గడ్డ ఉందా, రక్తం చేరిందా, ద్రవం పెరిగిందా, పాత పక్షవాతపు మచ్చలున్నాయా అని చూస్తారు. హిప్పోకాంపస్ కుంచించుకుపోవడం ఆల్జీమర్స్‌కు బలం చేకూరుస్తుంది. అయితే రిపోర్టులో ‘మెదడు కుంచించుకుపోయింది’ అని ఉన్నంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, 75 దాటినవాళ్లలో చాలామందికి ఆ వాక్యం రాస్తారు. ‘స్కాన్ నార్మల్’ అన్నంత మాత్రాన జబ్బు లేనట్టూ కాదు. తొలిదశలో స్కాన్ మామూలుగానే ఉండవచ్చు.

ఆల్జీమర్ మైక్రోస్కోపులో చూసిన ముద్దల్ని బతికున్న మనిషిలో చూడటానికి దాదాపు వందేళ్లు పట్టింది. 2004లో పిట్స్‌బర్గ్, ఉప్సాలా శాస్త్రవేత్తలు ఆ ముద్దల్లోని అమిలాయిడ్ అనే ప్రోటీన్‌కు అంటుకునే పదార్థంతో పెట్ స్కాన్ చిత్రాలు ప్రచురించారు. వెన్ను ద్రవంలో అమిలాయిడ్, టావ్ ప్రోటీన్లు కొలవడం స్థిరపడింది. ఇప్పుడు అదే కొలత రక్తానికి వచ్చింది. పీ-టావ్ 217ను, అమిలాయిడ్‌ను కలిపి లెక్కించే ఒక రక్తపరీక్షకు 2025 మే నెలలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది 55 దాటి, లక్షణాలున్నవాళ్లకు మాత్రమే. మతి బాగున్న ముసలివాళ్లలోనూ చాలామంది మెదళ్లలో అమిలాయిడ్ ఉంటుంది, వాళ్లలో ఎందరో ఏ లక్షణమూ లేకుండానే జీవితం ముగిస్తారు. ఏ ఇబ్బందీ లేకుండా ‘ఒకసారి చూపించుకుందాం’ అని చేయించుకుంటే భయం తప్ప మిగిలేది లేదు. లెకనెమాబ్‌లాంటి అమిలాయిడ్‌ను తొలగించే మందులకు మాత్రం ఈ రుజువు కావాలి. ఆ మందు 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది, ఆపలేదు. మెదడు వాపు, రక్తస్రావం అనే ప్రమాదాలున్నాయి, మొదట్లో రెండు వారాలకోసారి సిరలోకి ఎక్కించాలి. తొలిదశలోవాళ్లకే పనికొస్తుంది.

ఓపీకి వెళ్లేముందు

పదిహేను నిమిషాల ఓపీలో ఈ కథంతా చెప్పడం కుదరదు. ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. మొదట గమనించింది ఏది, ఎప్పుడు, ఏ పండగకో ఏ పెళ్లికో అటూ ఇటుగా. ఆ తర్వాత నెమ్మదిగా జారిందా, మెట్లు దిగిందా, హెచ్చుతగ్గులవుతోందా. ఆయన చేసే ఏ పని ఇప్పుడు మరొకరు చేస్తున్నారు. పడిన సందర్భాలు, నిద్ర, మూత్రం, నడక. ఆయుర్వేదం, హోమియో, షాపులో కొన్నవి సహా వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లాలి. చెవి మిషన్, కళ్లజోడు పెట్టించాలి. వినపడని ప్రశ్నకు జవాబు రాకపోతే దాన్ని మతిమరుపు కింద కట్టేస్తారు.

ఇంకొకటి, మర్యాదకు సంబంధించింది. పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టి, ‘అన్నీ మరిచిపోతున్నాడండీ, ప్యాంటులోనే పోసుకుంటున్నాడు’ అని చెబితే ఆయన మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కడు. ఆయన సంగతి ముందు ఆయనతోనే చెప్పించాలి. మిగిలింది కాగితం మీద ఇవ్వవచ్చు, లేదా డాక్టరుతో విడిగా మాట్లాడవచ్చు.

పేరు తేలాక

నయం చేయలేని జబ్బుకు పేరు ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. బీపీ, షుగరు, వినికిడి, డిప్రెషన్ సరిచేసుకుంటే మిగిలిన మతి ఎక్కువ కాలం పనికొస్తుంది. డిమెన్షియాల్లో సుమారు 45 శాతానికి ముడిపడిన 14 మార్చుకోదగ్గ కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో గుర్తించింది, పైన చెప్పినవి వాటిలోవే. పేరు తెలిస్తే ఇవ్వకూడని మందు ఇవ్వరు. ఆయన కావాలని చేయడం లేదని తెలిశాక ఇంట్లో తిట్లు తగ్గుతాయి. దారి తెలియని కుటుంబాలు వృద్ధుల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

నిర్ధారణ ఒక్కసారితో ముగిసేదీ కాదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూస్తే, డిప్రెషన్ అనుకున్నది ఆల్జీమర్స్‌గా తేలవచ్చు, ఆల్జీమర్స్ అనుకున్నది లూయీ బాడీగా తేలవచ్చు. పేరు మారితే డాక్టరు తెలివితక్కువవాడని కాదు, జబ్బు అప్పటికి తన తీరు ఇంకా పూర్తిగా బయటపెట్టలేదని.

పేరు త్వరగా తేలడం వల్ల అందరికన్నా ఎక్కువ లాభం రోగికే. ఇల్లు ఎవరి పేర రాయాలి, బ్యాంకు ఖాతాలో ఎవరిని చేర్చాలి, ఏ పిల్లల దగ్గర ఉండాలి, చివరిదశలో ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అన్న నిర్ణయాలు మన ఇళ్లలో ఎక్కువగా పిల్లలే కూర్చుని తేలుస్తారు, అదీ పెద్దాయన సంతకం పెట్టగలిగే దశ దాటాక. తొలిదశలో ఆయన ఇవన్నీ ఆలోచించగలడు, తన ఇష్టం చెప్పగలడు, కాదనగలడు. ఆయన జీవితం గురించి ఆయన్నే అడగాలి, అడిగితే జవాబు చెప్పగలిగే రోజుల్లోనే అడగాలి.